టెక్స్ట్ ఎడిటర్ మాన్యువల్‌లో అన్నీ ఉన్నాయి, కానీ ఎవరికీ ఏదీ దొరకట్లేదు. ఎలా సర్దాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. నలుగురైదుగురు కలిసి నడుపుతున్న ఒక ఉచిత టెక్స్ట్ ఎడిటర్‌కి మీరు మాన్యువల్ పని చూస్తున్నారు. మొత్తం 140 పేజీలు. అధ్యాయాలన్నీ మెనూల వరుసలోనే ఉన్నాయి: ఫైల్, ఎడిట్, సెర్చ్, వ్యూ, ఫార్మాట్, సెట్టింగ్స్. అందులో ఉన్న సంగతులనే జనం మళ్లీ మళ్లీ గ్రూపులో అడుగుతున్నారు. "మాన్యువల్ చూడండి" అని చెప్పీ చెప్పీ మీకు విసుగొచ్చింది. అధ్యాయాలను అకారాది క్రమంలో పెట్టాలా, లేక మొత్తం తిరగరాయాలా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను: రెండూ వద్దు. ముందు శీర్షికలు మార్చండి, చివర్లో మంచి పదసూచిక పెట్టండి. ఆ తర్వాత నేర్చుకునే భాగాన్నీ, అవసరమైనప్పుడు తీసి చూసుకునే భాగాన్నీ విడదీయండి. లోపలి వాక్యాల జోలికి చివర్లో వెళ్దురుగాని. చాలా మాన్యువల్స్‌లో విషయం బాగానే ఉంటుంది. దాన్ని పెట్టిన చోటే తప్పు.

నేను 17 ఏళ్లుగా హైదరాబాద్‌లో టెక్నికల్ రైటర్‌ని. అంతకు ముందు రెండేళ్లు విజయవాడలో ఒక డీటీపీ సెంటర్‌లో టైపింగ్ చేశాను. కాబట్టి ఎడిటర్ ముందు కూర్చుని తిప్పలు పడడం, ఆ తిప్పల గురించి రాయడం రెండూ తెలుసు. ఎడిటర్లకు రెండు మాన్యువల్స్ రాశాను. మొదటిదాన్ని చక్కగా పాడు చేశాను. అచ్చం మీ మాన్యువల్ లాగే.

అది ఒక చిన్న కంపెనీ. ప్రోగ్రామ్ తెరిచి పెట్టుకుని, ఎడమ పక్క మొదటి మెనూ నుంచి ఒక్కొక్కటే నొక్కుతూ రాసుకుంటూ పోయాను. రాసేవాడికి అది ఎంతో సుఖం. ఏదీ మిస్ అవదు, ఎక్కడి దాకా వచ్చామో తెలుస్తుంది, మేనేజర్‌కి రోజుకి ఇన్ని పేజీలని లెక్క చెప్పొచ్చు. వ్యూ మెనూ దగ్గరికి వచ్చాక నేను రాసిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది: "వర్డ్ వ్రాప్: ఈ ఐటెమ్ వర్డ్ వ్రాప్‌ను ఆన్ లేదా ఆఫ్ చేస్తుంది."

నెల తిరక్కుండానే సపోర్ట్ కుర్రాడు వచ్చాడు. "సార్, లైన్ స్క్రీన్ దాటి బయటికి పోతోందని రోజూ ఫోన్లు. మాన్యువల్‌లో ఎక్కడుంది?" 112వ పేజీలో ఉందని గర్వంగా చూపించాను. అతను చదివి, నా మొహం చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. వర్డ్ వ్రాప్ అంటే ఏంటో తెలిసినవాడికి ఆ వాక్యం అక్కర్లేదు. తెలియనివాడికి అది దొరకదు, ఒకవేళ దొరికినా అర్థం కాదు. అంటే ఆ వాక్యాన్ని నేను నాకోసం రాసుకున్నట్టే.

మెనూ వరుసతో ఉన్న చిక్కు ఇదే. మీకు కావలసింది ఏ మెనూలో ఉందో తెలిస్తే మెనూలోకే వెళ్తారు, మాన్యువల్‌లోకి ఎందుకు వస్తారు? వంటింట్లో పోపులపెట్టె చూడండి. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి పక్కపక్కనే ఉంటాయి. కిరాణా కొట్లో అవన్నీ వేర్వేరు చోట్ల ఉంటాయి. మెనూ వరుసలో రాసిన మాన్యువల్ కిరాణా కొట్టు లాంటిది.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి? మీ గ్రూపులో. వచ్చిన చివరి 100 ప్రశ్నలు తీసుకోండి, ఒక్కో ప్రశ్ననీ ఒక్కో చీటీ మీద వాళ్ల మాటల్లోనే రాయండి. దిద్దొద్దు. "లైన్ బయటికి పోతోంది" అని రాసినదాన్ని "వర్డ్ వ్రాప్ సమస్య" అని మార్చారో, చీటీ వృథా. నేల మీద పరిచి, ఒకే పనికి సంబంధించినవి ఒక కుప్పగా పెట్టండి. పది పన్నెండు కుప్పలు తేలతాయి. అధ్యాయాలు అవే. నా అనుభవంలో వాటిలో ఒక్కటి కూడా మెనూ పేరుతో సరిపోలలేదు. "ఫైల్ పోయింది, మళ్లీ ఎలా తెచ్చుకోవాలి" అన్న కుప్పలోకి ఫైల్ మెనూ, ఎడిట్ మెనూ, సెట్టింగ్స్ మూడింటి నుంచీ సరుకు వచ్చి పడింది.

తర్వాత ఒక పరీక్ష పెట్టండి. దీనికి డబ్బు ఖర్చేం లేదు. మా ఆఫీసులో అకౌంట్స్ చూసే మేడమ్‌ని పిలిచి, మాన్యువల్ ప్రింటు, పది చీటీలు చేతికిచ్చాను. "ఇవి ఎక్కడ ఉన్నాయో వెతకండి మేడమ్, నేను మాట్లాడను" అన్నాను. ఆవిడ వేలు విషయసూచిక మీద "ఎడిట్" దగ్గర ఆగింది, "ఫార్మాట్" దాకా దిగింది, మళ్లీ పైకి వెళ్లింది. మూడో చీటీ దగ్గర విషయసూచిక మూసేసి పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. పదిలో మూడు దొరికాయి. ఆ అరగంట ఆపుకోలేని టెన్షన్‌తో కూర్చున్నాను. ఎడిటర్ గురించి ఏమీ తెలియని మనిషి వేలు ఎక్కడ తచ్చాడుతోందో చూస్తే, ఏ శీర్షిక అబద్ధం చెప్తోందో తెలిసిపోతుంది. తర్వాత లోపల ఒక్క వాక్యం కూడా ముట్టకుండా శీర్షికలు మాత్రమే మార్చి, ఇంకొకరికి అవే చీటీలు ఇచ్చాను. ఏడు దొరికాయి. అందుకే శీర్షికలే ముందు అంటున్నాను.

శీర్షిక మార్చడమంటే "వర్డ్ వ్రాప్" తీసేసి "లైన్లు స్క్రీన్ వెడల్పులోనే మడతపడేలా చేయడం" అని పెట్టడం. "ఫైండ్ డైలాగ్" బదులు "ఒక మాటను ఫైలంతా వెతికి మార్చడం". అసలు పేరు కింద మొదటి వాక్యంలో రానివ్వండి: "దీన్ని వర్డ్ వ్రాప్ అంటారు, వ్యూ మెనూలో ఉంటుంది." పేరు తెలిసి వెతికేవాళ్లకీ అప్పుడు దొరుకుతుంది.

అన్నిటికంటే ఎక్కువ లాభం ఉన్న చోటు ఒకటి చెప్తాను, ముఖ్యంగా మీ వాడుకదార్లలో తెలుగులో టైప్ చేసేవాళ్లు ఉంటే. దాదాపు ప్రతి ఎడిటర్ మాన్యువల్‌లోనూ "ఎన్‌కోడింగ్" (అక్షరాలను ఫైల్లో అంకెలుగా రాసే పద్ధతి) అని ఒక భాగం ఉంటుంది. అందులో యూటీఎఫ్-8, యూటీఎఫ్-16, ఏఎన్‌ఎస్‌ఐ అంటూ జాబితా. విలేకరో, టీచరో ఆ మాటతో వెతకరు. "తెలుగు సరిగా కనబడట్లేదు" అని వెతుకుతారు. సరే కదా అని నేను ఆ శీర్షికే పెట్టాను. అదీ చాలలేదు. ఎందుకంటే సరిగా కనబడకపోవడంలో నాలుగు రకాలున్నాయి, ఒక్కోదానికి కారణం వేరు, మందు వేరు.

అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫైలుకి ఏమీ కాలేదు, ఆ ఫాంట్‌లో తెలుగు లేదంతే. ఫాంట్ మారిస్తే సరి. వరుసగా ప్రశ్నార్థకాలు ఉంటే మాత్రం గుండె రాయి చేసుకోవాలి. ఏఎన్‌ఎస్‌ఐ అంటే విండోస్‌లో ఒక్కో లిపికి ఉండే పాత కోడ్ పట్టిక (కోడ్ పేజీ), తెలుగుకి అలాంటిదే లేదు. అలాంటి ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసినప్పుడు ప్రతి తెలుగు అక్షరమూ ప్రశ్నార్థకంగా మారి సేవ్ అయిపోతుంది. ఎడిటర్ మూసేశాక ఆ ఫైల్లోంచి తిరిగి తెచ్చుకునే దారి లేదు. పాత కాపీ ఉంటేనే గతి. మూడోది, తల మీద ఏటవాలు గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్లీ అదే ఏ. ఇది చూసి జనం హడలిపోతారు కానీ నిజానికి ప్రమాదం లేదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది, వాటిలో మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండు రకాలే. ఎడిటర్ ఆ బైట్లను పాశ్చాత్య లిపిగా చదివితే అవే రెండు మూడు గుర్తులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. సేవ్ చేయకుండా, యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ తెరిస్తే తెలుగు తిరిగి వస్తుంది. నాలుగోది మా డీటీపీ వాళ్ల సొంత ఆస్తి: అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ని తెచ్చి పేస్ట్ చేస్తే గజిబిజి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ (అన్ని లిపులకీ కలిపి ఉన్న ఉమ్మడి కోడ్) కాదు, ఆ ఫాంట్ ఉంటేనే తెలుగులా కనబడే రాత. ఎడిటర్ సెట్టింగ్స్ ఎన్ని మార్చినా లాభం లేదు, కన్వర్టర్‌తో మార్చుకోవాల్సిందే.

ఈ నాలుగింటినీ కనిపించే లక్షణం పేరుతో నాలుగు చిన్న శీర్షికలుగా పెట్టాను. ఎన్‌కోడింగ్ జాబితా ఎక్కడికీ పోలేదు, వెనక భాగంలో అలాగే ఉంది. ఆ ప్రశ్నలు దాదాపు ఆగిపోయాయి. మీరు ఒక్క అధ్యాయమే సర్దగలిగితే ఇదే సర్దండి.

ఇప్పుడు విడదీయడం సంగతి. దీనికి విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ని చూడండి. అందులో యూజర్ మాన్యువల్ వేరు, రిఫరెన్స్ మాన్యువల్ వేరు. మొదటిది పనుల వారీగా, తేలికైనవాటి నుంచి కష్టమైనవాటికి, పుస్తకంలా మొదటి నుంచి చదువుకునేది. రెండోదాంట్లో ప్రతి కమాండ్ గురించీ కచ్చితమైన వివరం ఉంటుంది, దాన్ని చదవరు, తీసి చూసుకుంటారు. ఈ రెండూ కలిసిపోతే ఇద్దరికీ నష్టమే. కొత్తవాడికి మొదటి పేజీలోనే పద్నాలుగు ఆప్షన్లు ఎదురొస్తాయి. పాతవాడు తనకి కావలసిన ఒక్క ఆప్షన్ కోసం మూడు పేజీల బోధ దాటాలి.

కానీ విడదీసినంత మాత్రాన అయిపోదు, లోపలి వరుస కూడా చూసుకోవాలి. విమ్ నుంచి బయటపడడం తెలియక జనం తంటాలు పడడం పెద్ద జోకు అయిపోయింది కదా. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్‌లో 2012లో ఎవరో అడిగిన ఆ ప్రశ్నని చూసినవాళ్ల సంఖ్య 2017కి 10 లక్షలు దాటింది. అదే విమ్‌తో వచ్చే విమ్‌ట్యూటర్‌లో బయటికి వెళ్లడం రెండో పాఠం. యూజర్ మాన్యువల్‌లో మొదలుపెట్టేవాళ్ల అధ్యాయం తీస్తే మాత్రం తెరవడం, టైప్ చేయడం, కదలడం, చెరపడం, అన్‌డూ, ఇతర కమాండ్లు అన్నీ అయ్యాక ఏడో భాగంలో ఉంటుంది. పుస్తకంలా చదివితే ఆ వరుస తప్పేమీ కాదు. ఇరుక్కుపోయినవాడు పుస్తకంలా చదవడు, అదీ సంగతి.

ఐబీఎంలో జాన్ క్యారల్ 1980లలో వర్డ్ ప్రాసెసర్లు నేర్చుకునేవాళ్లను దగ్గరుండి గమనించి తేల్చింది కూడా ఇదే. మాన్యువల్ ఇస్తే జనం వరుసగా చదవరు, రెండు లైన్లు చూసి పని మొదలుపెట్టేస్తారు, తప్పు జరిగాక వెనక్కి వస్తారు. అందుకని నేర్చుకునే భాగంలో మొదటి అరగంటకి చాలినంతే పెట్టండి: తెరవడం, టైప్ చేయడం, సేవ్, అన్‌డూ, వెతకడం, మూసేయడం. అన్‌డూని వీలైనంత ముందుకి లాగండి. అది తెలిస్తే భయం పోతుంది, భయం పోతే మిగతాది వాళ్లే కెలికి నేర్చుకుంటారు. "స్క్రీన్ భాగాల పరిచయం" అని బాణం గుర్తులతో మొదటి పేజీలోనే వేసే బొమ్మ ఉంటుంది చూడండి, దాన్ని వెనక్కి పంపండి. స్టేటస్ బార్ ఎక్కడుందో తెలుసుకోవాలని ఎవరూ ఎడిటర్ తెరవరు.

పదసూచిక విషయంలో ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ దగ్గర నేర్చుకోవాలి. అందులో కట్ చేయడాన్ని "కిల్" అంటారు, పేస్ట్‌ని "యాంక్" అంటారు. మనం విండో అనేదాన్ని వాళ్లు "ఫ్రేమ్" అంటారు, ఆ ఫ్రేమ్ లోపలి ముక్కల్ని "విండో" అంటారు. కొత్తవాళ్లకి పిచ్చెక్కే వ్యవహారమే. అయినా ఆ మాన్యువల్ వాడుకలో నిలబడింది. దానికి ఒక ముఖ్య కారణం సూచికలే అని నా అభిప్రాయం. కీలకి ఒక సూచిక, కమాండ్లకి ఒకటి, వేరియబుల్స్‌కి ఒకటి, భావనలకి ఒకటి. ఎవరికి ఏది తెలిస్తే అందులోంచి రావచ్చు. మాన్యువల్ తెరిచి ఉన్నప్పుడు ఐ కీ నొక్కి మాట ఇస్తే సూచికలో వెతికి ఆ చోటికే తీసుకెళ్తుంది.

మీ సూచిక మనిషి చేయాలి, ప్రోగ్రామ్‌తో చేయించొద్దు. ప్రోగ్రామ్ మాన్యువల్‌లో ఉన్న మాటలనే ఏరుతుంది. మీకు కావలసింది మాన్యువల్‌లో లేని మాటలు: జనం చీటీల్లోవి, వేరే ఎడిటర్ల నుంచి వచ్చేవాళ్లు తెచ్చుకునేవి. తెలుగులో అయితే ఇంకో తలనొప్పి ఉంది. డిలీట్, తొలగించు, చెరుపు, తీసేయి నాలుగూ ఒకే చోటికి రావాలి. ఫాంట్, ఫాంటు రెండూ రావాలి. సెర్చ్ బాక్స్ ఉంది కదా, సూచిక ఎందుకని మీ టీమ్‌లో ఒకరు తప్పకుండా అంటారు. సెర్చ్ బాక్స్‌కి "మింగేసింది" అంటే "ఆటోసేవ్ రికవరీ" అని తెలియదు. మనం చెప్తేనే తెలుస్తుంది.

ఇక జాగ్రత్తలు. వరుసగా ఏమీ చెప్పట్లేదు, గుర్తొచ్చినవి చెప్తున్నాను.

ఒక సంగతికి ఒకే ఇల్లు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ (ప్రత్యేక గుర్తులతో నమూనా ఇచ్చి వెతకడం) తీసుకోండి. "లైన్ చివర అనవసరపు ఖాళీలు తీసేయడం" అనే పనిలో ఒక నమూనా ఇవ్వొచ్చు, కాపీ చేసుకుని వాడుకుంటారు. గుర్తుల పూర్తి పట్టిక మాత్రం వెనక భాగంలో ఒక్కచోటే ఉండాలి, మిగతా అన్ని చోట్ల నుంచీ దానికి లింకు. పట్టిక రెండు చోట్ల ఉంటే ఆర్నెల్లు తిరిగేసరికి రెండూ రెండు రకాలుగా చెప్తాయి. నాకు జరిగింది. ఒక్క మినహాయింపు: డేటా పోయే ప్రమాదం ఉన్న చోట హెచ్చరికను లింకుగా ఇవ్వొద్దు, ప్రతి చోటా పూర్తిగా రాయండి. "అన్నీ మార్చు" బటన్ పక్కన "ముందు ఫైల్ కాపీ తీసుకోండి" అన్నది పదిసార్లు వచ్చినా తప్పులేదు.

మరీ ముక్కలు చేయొద్దు. రెండో మాన్యువల్‌లో ఉత్సాహం ఎక్కువై ఒక్కో పనికి ఒక్కో పేజీ చొప్పున 300 పేజీల దాకా చేశాను. దొరకడం బాగానే దొరికేవి. కానీ ఒక పేజీ చదివితే ఇంకో మూడు తెరవాల్సి వచ్చేది. తర్వాత సగానికి సగం కలిపేశాను. విషయసూచికలో మూడు మెట్ల కన్నా లోతుకి వెళ్లకండి.

"ఎందుకిలా?" అన్న వాటికి విడిగా చోటు చూపించండి. ఉదాహరణకి "క్షి" చూడండి. మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి క, పొల్లు, ష, గుడి కలిపి నాలుగు. అందుకే చాలా ఎడిటర్లలో బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే గుడి మాత్రమే పోతుంది, కాలమ్ సంఖ్య మనం లెక్కపెట్టినదానితో కలవదు. ఇది చదవడానికి బాగుంటుంది కానీ, "అక్షరం చెరపడం" అన్న పని మధ్యలో ఇరికిస్తే పని ఆగిపోతుంది. రాసేవాడికి ముద్దొచ్చే పేరాలు సాధారణంగా ఇలాంటివే, జాగ్రత్త.

అకారాది క్రమం అడిగారు కదా. అధ్యాయాలకి పనికిరాదు, సెట్టింగ్స్ పట్టికకి అదే సరైనది. వెనక భాగంలో ఒక పేజీలో మెనూ ఐటెమ్‌లన్నీ మెనూ వరుసలోనే ఇచ్చి, ఒక్కోదానికి లింకు పెట్టండి. పాత వరుసకి అలవాటుపడ్డవాళ్లు గొడవ చేయరు, ఏదీ మిస్ అవలేదని మీకూ భరోసా. నా మొదటి మాన్యువల్ 200 పేజీల్లో రాసినదంతా నిజానికి ఈ ఒక్క పేజీ పనే.

పాత లింకులు చచ్చిపోనివ్వకండి. మీ గ్రూపులో, బ్లాగుల్లో, ఎవరి నోట్సుల్లోనో మీ పేజీల చిరునామాలు పడి ఉంటాయి. శీర్షిక మారినా పాత చిరునామా కొత్త చోటికి వెళ్లేలా చూడండి. మొత్తం ఒకే రిలీజ్‌లో మార్చే సాహసమూ వద్దు. ముందు రెండు అధ్యాయాలు మార్చి ఒక నెల చూడండి. డెవలపర్లతో కూడా ఒక మాట అనుకోండి: కొత్త ఫీచర్ వచ్చినప్పుడు "ఏ మెనూలో పెట్టాం" అని కాదు, "ఏ పని కోసం చేశాం" అని వాళ్లు ఒక్క లైన్ రాసివ్వాలి. అది లేకపోతే ఏడాదిలో మాన్యువల్ మళ్లీ మెనూ వరుసలోకి జారిపోతుంది. నేను పని చేసిన చోట సరిగ్గా అలాగే జారింది, నేను లీవులో ఉన్న మూడు నెలల్లో.

మీ ఇప్పటి విషయసూచిక, గ్రూపులో వచ్చిన చివరి 20 ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టండి. ఆదివారం నాకు ఖాళీ. కుప్పలు ఎలా పడతాయో కలిసి చూద్దాం.